స్విమ్మింగ్ పూల్ హీట్ పంప్ సరిగ్గా నడపడం ఎలా: మొదటిసారి ఆన్ చేయడం నుంచి సీజన్ అయ్యాక ఆపేదాకా

చలికాలం మొదలైతే చాలు, విల్లాల్లోనూ అపార్ట్‌మెంట్ కమిటీల్లోనూ ఒకటే ప్రశ్న వినిపిస్తుంది. "లక్షలు పోసి హీట్ పంప్ పెట్టించాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది. నీళ్లు మాత్రం వేడెక్కట్లేదు. మిషన్ పాడైందా?" చాలాసార్లు మిషన్ బాగానే ఉంటుంది, తేడా నడిపే పద్ధతిలోనే ఉంటుంది.

కింద చెప్పేదంతా ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది. హైదరాబాద్‌లో ఆరుబయట ఒక పూల్ ఉందనుకోండి. పొడవు 10 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు, సగటు లోతు 1.2 మీటర్లు. అంటే 60 వేల లీటర్లు. దానికి 15 కిలోవాట్ల హీట్ పంప్ బిగించారు. మీ పూల్ కొలతలు వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ఇంకో మాట. ఇక్కడ "మోటార్" అన్నచోటల్లా ఫిల్టర్ గుండా నీళ్లు తిప్పే సర్క్యులేషన్ మోటార్ అని అర్థం. "హీట్ పంప్" అంటే వేడి చేసే మిషన్. మెకానిక్‌తో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కూడా ఈ రెండిటినీ విడివిడిగా చెప్పండి. లేకపోతే ఆయన ఒక పార్ట్ తెస్తాడు, మీకు కావాల్సింది ఇంకొకటి అవుతుంది.

1. ముందు లెక్క, తర్వాతే స్విచ్

వెయ్యి లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ పెంచాలంటే సుమారు 1.16 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) వేడి కావాలి. మన 60 వేల లీటర్లకు ఒక డిగ్రీకి దాదాపు 70 యూనిట్లు. డిసెంబర్‌లో నీళ్లు 22 డిగ్రీల దగ్గర ఉండి, మీకు 28 కావాలంటే 6 డిగ్రీలు పెంచాలి. అంటే సుమారు 420 యూనిట్ల వేడి.

ఇంత వేడినీ హీట్ పంప్ కరెంటుతో పుట్టించదు. బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్లలోకి చేరుస్తుంది. కరెంటు ఖర్చయ్యేది కంప్రెసర్‌కి, ఫ్యాన్‌కి మాత్రమే. ఒక యూనిట్ కరెంటుకి నాలుగు యూనిట్ల వేడి ఇచ్చిందంటే దాని సీఓపీ 4 అంటారు. ఆ లెక్కన 420 యూనిట్ల వేడికి మీటర్‌లో తిరిగేది 105 యూనిట్లు. మోటార్ కరెంటు దీనికి అదనం.

ఇక టైమ్. 420ని 15తో భాగిస్తే 28 గంటలు. అదీ నీళ్లు చల్లారడం అన్నదే లేకపోతే. పైగా మిషన్ మీద రాసిన 15 కిలోవాట్లు సాధారణంగా గాలి 26 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి అంకె. రేటింగ్ ప్లేట్ మీద కాస్త కిందికి చూడండి. చాలా మోడళ్లలో గాలి 15 డిగ్రీలున్నప్పుడు ఎంత వేడి ఇస్తుందో వేరే వరుసలో ఉంటుంది, ఆ అంకె బాగా తక్కువగా కనిపిస్తుంది. చలికాలం రాత్రి మీకు దొరికేది ఆ రెండో అంకే.

అందుకే శనివారం పొద్దున ఆన్ చేసి సాయంత్రం పిల్లల పుట్టినరోజు పార్టీకి వేడినీళ్లు కావాలంటే కుదరదు. గీజర్ మీద పెట్టుకునే ఆశ దీని మీద పెట్టుకోకండి. శనివారం ఈత కొట్టాలంటే గురువారం పొద్దున్నే మొదలుపెట్టాలి.

2. కవర్ లేకుండా మొదలుపెట్టకండి

ఆరుబయట పూల్ నుంచి పోయే వేడిలో ఎక్కువ భాగం, 70 శాతం దాకా, నీళ్లు ఆవిరి కావడం వల్లే పోతుంది. మన పూల్‌లో రాత్రికి రాత్రి నీటిమట్టం అర సెంటీమీటర్ తగ్గిందనుకోండి. కంటికి కనిపించేంత తేడా కూడా కాదు. కానీ అది 250 లీటర్లు. అన్ని నీళ్లు ఆవిరైపోతూ దాదాపు 170 యూనిట్ల వేడి తీసుకెళ్తాయి. అంటే పూల్ మొత్తం సుమారు రెండున్నర డిగ్రీలు చల్లబడుతుంది.

ఇప్పుడు పగటి లెక్క చూడండి. హీట్ పంప్ పది గంటలు పూర్తి సామర్థ్యంతో తిరిగితే 150 యూనిట్ల వేడి వస్తుంది. రెండు డిగ్రీల పైచిలుకు. పగలు ఎక్కించింది రాత్రి ఎగిరిపోతోంది! "రోజంతా తిరుగుతోంది, వేడెక్కట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. అప్పుడు మెకానిక్‌ని పిలిపించి, మిషన్ లోపల వేడిని మోసే గ్యాస్ నింపించినా ఒరిగేదేమీ ఉండదు.

బుడగలున్న ప్లాస్టిక్ కవర్, వాడుకలో బబుల్ కవర్ అంటారు, సరిపోతుంది. బుడగల వైపు నీటికి ఆనాలి. నీటి ఉపరితలం అంతా కప్పాలి, మూలలు వదలకూడదు. ఫౌంటెన్, వాటర్‌ఫాల్ లాంటివి ఉంటే వేడి చేస్తున్నన్ని రోజులూ ఆపేయండి. అందం కోసం రాత్రంతా తిప్పే వాటర్‌ఫాల్ నీటిని చల్లార్చే యంత్రంలా పనిచేస్తుంది.

దీంట్లో ప్రాణాల మీదికి వచ్చే విషయం ఒకటుంది. ఈతకు దిగే ముందు కవర్ మొత్తం తీసేయాలి, సగం చుట్టి మిగతా సగంలో ఈత కొట్టడం వద్దు. కవర్ కిందికి వెళ్లిన పిల్లవాడికి పైకి రావడానికి దారి దొరకదు, ఒడ్డున ఉన్నవాళ్లకు కనిపించడు. బబుల్ కవర్ బరువు ఆపదు కాబట్టి దాని మీద అడుగు వేయడం కూడా ప్రమాదమే. ఈ నియమం వాచ్‌మెన్‌తో సహా అందరికీ చెప్పి ఉంచండి.

3. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి చూడండి

హీట్ పంప్‌కి గాలే ఇంధనం. దాన్ని పంప్ రూమ్‌లో పెట్టి తలుపు మూస్తే, తను వదిలిన చల్లగాలినే మళ్లీ పీల్చుకుంటూ ఉంటుంది. ఫ్యాన్ గాలి వదిలే వైపు కనీసం రెండు, రెండున్నర మీటర్లు ఖాళీ ఉండాలి. గాలి లోపలికి తీసుకునే వైపు కనీసం 30 నుంచి 50 సెంటీమీటర్లు. అందం కోసం చుట్టూ అడ్డు కట్టించడం, మొక్కల కుండీలు పెట్టడం, తడి తువ్వాళ్లు దాని మీద ఆరేయడం మానిపించండి.

కరెంటు పని విషయంలో రాజీ పడకండి. నీళ్ల పక్కన నడిచే మిషన్ ఇది.

□ హీట్ పంప్‌కి విడిగా లైను, విడిగా ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) ఉన్నాయా?
□ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపే స్విచ్) ఉందా? దాని టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అవుతోందా?
□ ఎర్తింగ్‌ని ఎలక్ట్రీషియన్‌తో ఈ మధ్య కొలిపించారా?
□ మిషన్ దగ్గర నిలబడి ఆపగలిగే ఐసొలేటర్ స్విచ్ ఉందా?
□ త్రీ ఫేజ్ మిషన్ అయితే, ఇటీవల మెయిన్ లైన్‌లో ఏమైనా పని జరిగిందా?

ఆఖరి ప్రశ్న ఎందుకంటే, ఫేజుల వరుస తారుమారైతే కొన్ని మిషన్లు ఎర్రర్ చూపించి స్టార్ట్ కావు. మిషన్‌లో లోపమేమీ ఉండదు. ఎలక్ట్రీషియన్ రెండు ఫేజ్ వైర్లను మార్చి బిగిస్తే పని అయిపోతుంది.

కొత్త మిషన్ అయినా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చినదైనా, దారిలో పడుకోబెట్టి తెచ్చి ఉంటే నిలబెట్టాక 24 గంటలు ఆగి ఆన్ చేయండి. కంప్రెసర్‌లోని ఆయిల్ కిందికి దిగడానికి ఆ సమయం కావాలి.

4. పైపుల వరుస సరిచూసుకోండి

నీళ్లు వెళ్లాల్సిన వరుస ఇదీ: పూల్, మోటార్, ఫిల్టర్, హీట్ పంప్, క్లోరిన్ ఫీడర్, తిరిగి పూల్.

క్లోరిన్ ఎప్పుడూ హీట్ పంప్ తర్వాతే కలవాలి. మధ్యలో ఒక నాన్ రిటర్న్ వాల్వ్ ఉండాలి. లేకపోతే మోటార్ ఆగినప్పుడు గాఢమైన క్లోరిన్ నీళ్లు వెనక్కి వచ్చి హీట్ పంప్‌లో నిలుస్తాయి. లోపలి ట్యూబ్ టైటానియమైనా సరే, సీల్స్‌కీ మిగతా లోహపు భాగాలకీ అది మంచిది కాదు. ఇదే కారణంతో స్కిమ్మర్ (పూల్ గోడలో నీటి పైభాగాన్ని లాగే మూతి) బుట్టలో క్లోరిన్ బిళ్లలు వేసే అలవాటు ఉంటే ఈరోజే ఆపించండి. ఆ నీళ్లు నేరుగా మోటార్‌లోకి, అక్కడి నుంచి హీట్ పంప్‌లోకి వెళ్తాయి.

5. ఆన్ చేసే వరుస

మొదట మోటార్, తర్వాత హీట్ పంప్. ఆపేటప్పుడు మొదట హీట్ పంప్, తర్వాత మోటార్. మిగతావన్నీ మరిచిపోయినా ఇది గుర్తుంటే మిషన్ చాలాకాలం బతుకుతుంది.

□ నీటిమట్టం స్కిమ్మర్ మూతి సగం దాకా ఉందా చూడండి. తక్కువైతే మోటార్ గాలి పీలుస్తుంది.
□ స్కిమ్మర్ బుట్ట, మోటార్ ముందున్న బుట్ట శుభ్రం చేయండి.
□ ఫిల్టర్ మీదున్న ప్రెషర్ గేజ్ చూడండి. శుభ్రంగా ఉన్నప్పటి కన్నా 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగి ఉంటే ముందు బ్యాక్‌వాష్ (నీళ్లు ఎదురు తిప్పి ఫిల్టర్‌ని కడగడం) చేయండి.
□ ఫిల్టర్ మీదుండే మల్టీపోర్ట్ వాల్వ్ (నీటి దారి మార్చే వాల్వ్) హ్యాండిల్ "ఫిల్టర్" దగ్గర ఉందా చూడండి.
□ మోటార్ ఆన్ చేసి, పూల్‌లోకి వచ్చే నీళ్లలో గాలి బుడగలు ఆగేదాకా ఆగండి.
□ అప్పుడు హీట్ పంప్ ఎంసీబీ వేసి, ప్యానెల్ మీద ఆన్ నొక్కండి.

ఆన్ నొక్కగానే ఏమీ జరగకపోతే కంగారు పడకండి. కంప్రెసర్‌ని కాపాడటానికి సుమారు మూడు నిమిషాల ఆలస్యం ఉంటుంది. స్టార్ట్ కాలేదనుకుని మళ్లీ మళ్లీ స్విచ్ నొక్కితే ఆ మూడు నిమిషాలు ప్రతిసారీ మొదటి నుంచి మొదలవుతాయి.

ఫ్యాన్ నుంచి చల్లగాలి వస్తోందని కూడా చాలామంది టెన్షన్ పడతారు. రావాల్సింది అదే. గాలిలోని వేడి నీళ్లలోకి వెళ్లింది కాబట్టే గాలి చల్లబడింది. చేయి పెడితే గాలి వెచ్చగా తగిలితేనే అనుమానించాలి. మిషన్ కూలింగ్ మోడ్‌లో ఉండి ఉంటుంది.

6. బైపాస్ వాల్వ్‌ని సర్దడం

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

హీట్ పంప్ దగ్గర మూడు వాల్వులు ఉంటాయి. ఒకటి లోపలికి వెళ్లే నీటికి, ఒకటి బయటికి వచ్చే నీటికి. మూడోది ఆ రెండు పైపుల మధ్య ఉండే బైపాస్. మోటార్ తోసే నీళ్లన్నీ హీట్ పంప్‌కి అక్కర్లేదు. ఎంత కావాలో రేటింగ్ ప్లేట్ మీద ఉంటుంది. 15 కిలోవాట్ల మిషన్‌కి గంటకు ఆరు, ఏడు వేల లీటర్లు అనుకోండి. మిగతా నీళ్లు బైపాస్ గుండా పోవాలి.

1. ఇన్‌లెట్, అవుట్‌లెట్ వాల్వులు రెండూ పూర్తిగా తెరవండి.
2. బైపాస్ వాల్వ్‌ని సగం మూయండి.
3. హీట్ పంప్‌ని పూర్తి స్పీడ్‌లో, అంటే బూస్ట్ లేదా పవర్‌ఫుల్ మోడ్‌లో 20 నిమిషాలు నడపండి.
4. ప్యానెల్ మీద ఇన్‌లెట్ ఉష్ణోగ్రత, అవుట్‌లెట్ ఉష్ణోగ్రత చూడండి. తేడా సుమారు 2 డిగ్రీలు ఉండాలి.
5. తేడా ఒక డిగ్రీ కూడా లేకపోతే నీళ్లు మరీ ఎక్కువగా పోతున్నాయి. బైపాస్‌ని కొద్దిగా తెరవండి.
6. తేడా 3 డిగ్రీలు దాటితే నీళ్లు తక్కువగా పోతున్నాయి. బైపాస్‌ని కొద్దిగా మూయండి.
7. వాల్వ్ కదిపిన ప్రతిసారీ పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి.

సరిపోయాక మూడు వాల్వుల హ్యాండిళ్ల స్థానం పెర్మనెంట్ మార్కర్‌తో గీత గీసి పెట్టండి. పూల్ శుభ్రం చేసే అబ్బాయి వాల్వులు కదిపినా మళ్లీ అక్కడికే తేవచ్చు. ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అవుట్‌లెట్ పైపు పట్టుకుని చూసి, వేడి తగల్లేదని నీళ్లు తగ్గించేస్తారు. అప్పుడు పైపు వేడెక్కుతుంది, చూసినవాళ్లకు తృప్తిగా ఉంటుంది. కానీ పూల్‌కి చేరే మొత్తం వేడి తగ్గుతుంది. లోపల గ్యాస్ ప్రెషర్ పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది, చివరికి హై ప్రెషర్ ఎర్రర్‌తో మిషన్ ఆగిపోతుంది. పైపు గోరువెచ్చగా తగలడమే మంచి లక్షణం. రెండు డిగ్రీల తేడా చేతికి తెలియదు.

ఇన్వర్టర్ మోడల్ (కంప్రెసర్ వేగం తగ్గించి, పెంచుకోగలిగేది) అయితే ఇంకో జాగ్రత్త. సైలెంట్ మోడ్‌లో కంప్రెసర్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి తేడా ఒక డిగ్రీ కన్నా తక్కువే ఉంటుంది. అది చూసి వాల్వులు తిప్పకండి. సర్దడం ఎప్పుడైనా పూర్తి స్పీడ్‌లోనే.

7. ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలు

ఈత పోటీలకు నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. వ్యాయామంగా ఈదే పెద్దలకు 27 చాలు. చిన్నపిల్లలకు, పెద్దవయసు వాళ్లకు 29 లేదా 30. అంతకు పైన పెట్టాలన్న మాటను కమిటీలో ఒప్పుకోవద్దని నా సలహా. పైకి వెళ్లేకొద్దీ ప్రతి డిగ్రీకీ వేడి నష్టం పెరుగుతుంది, క్లోరిన్ త్వరగా ఖర్చవుతుంది, పాచి పెరుగుతుంది.

మోడ్ "హీటింగ్" అనే పెట్టండి, "ఆటో" వద్దు. ఆటోలో 28 అని పెట్టి వదిలేస్తే, మార్చిలో ఎండకు నీళ్లు 30కి చేరగానే మిషన్ వాటిని చల్లార్చడం మొదలుపెట్టవచ్చు. ఎండ ఉచితంగా ఇచ్చిన వేడిని తీసేయడానికి మీరు బిల్లు కడుతుంటారు.

మొదటిసారి వేడి చేసేటప్పుడు మోటార్, హీట్ పంప్ రెండూ రాత్రీపగలూ ఆపకుండా నడపండి, కవర్ వేసే ఉంచండి. కావాల్సిన డిగ్రీలు వచ్చాక పగలు నడిపితే చాలు. హైదరాబాద్ చలికాలంలో పొద్దున 10 నుంచి సాయంత్రం 5 దాకా గాలి వెచ్చగా ఉంటుంది, తెల్లవారుజామున కన్నా అప్పుడు అదే కరెంటుకి ఎక్కువ వేడి దొరుకుతుంది. ఉదయం 6 గంటలకు ఈత క్లాసులు ఉన్నాయని 4 గంటలకు ఆన్ చేయడం అన్నిటికన్నా ఖరీదైన పద్ధతి. ముందు రోజు మధ్యాహ్నమే ఒక డిగ్రీ ఎక్కువ ఎక్కించి, సాయంత్రం కవర్ వేసేయండి.

టైమర్లు రెండుంటే మోటార్ టైమర్ పరిధిలోనే హీట్ పంప్ టైమర్ ఉండాలి. మోటార్ 9:45 నుంచి 5:15 వరకు, హీట్ పంప్ 10 నుంచి 5 వరకు.

మోటార్ ఆగి ఉన్నప్పుడు ప్యానెల్ మీద కనిపించే ఉష్ణోగ్రతను నమ్మకండి. అది పైపులో నిలిచిపోయిన నీటిది. మోటార్ పావుగంట తిరిగాక చూడండి. నీళ్లలో వేలాడదీసే థర్మామీటర్ ఒకటి కొనిపెట్టుకుంటే వాదనలే ఉండవు.

8. బ్యాక్‌వాష్ రోజు, షాక్ క్లోరిన్ రోజు

బ్యాక్‌వాష్‌కి ముందు హీట్ పంప్ ఆపండి. ఐదు నిమిషాలయ్యాక మోటార్ ఆపి, అప్పుడే మల్టీపోర్ట్ హ్యాండిల్ తిప్పండి. బ్యాక్‌వాష్, రిన్స్ అయ్యాక హ్యాండిల్‌ని "ఫిల్టర్"కి తెచ్చి, మళ్లీ మోటార్, తర్వాత హీట్ పంప్. పారబోసేది మీరు డబ్బు పెట్టి వేడి చేసిన నీళ్లని గుర్తుంచుకుని, అద్దం గొట్టంలో నీళ్లు తేటపడగానే ఆపేయండి.

షాక్ క్లోరిన్, అంటే ఒకేసారి పెద్ద మోతాదు క్లోరిన్, వేసేటప్పుడు హీట్ పంప్ ఆపి, బైపాస్ పూర్తిగా తెరిచి, ఇన్‌లెట్, అవుట్‌లెట్ మూసేయండి. క్లోరిన్ మామూలు స్థాయికి దిగాక మళ్లీ గీతల దగ్గరికి తీసుకురండి. అప్పటిదాకా కవర్ కూడా తీసి ఉంచాలి. ఆ వాయువులు కవర్‌ని పెళుసుగా చేస్తాయి.

మామూలు రోజుల్లో పీహెచ్ 7.2 నుంచి 7.8, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం. బోరు నీళ్లతో నింపే పూల్ అయితే కాల్షియం హార్డ్‌నెస్ కూడా నెలకోసారి చూపించండి. 400 పీపీఎం దాటి, పీహెచ్ కూడా ఎక్కువగా ఉంటే లోపలి ట్యూబ్ మీద తెల్లటి సున్నపు పొర కట్టి వేడి నీళ్లలోకి దిగదు.

9. ఇబ్బంది వస్తే ఏం చూడాలి

ఎర్రర్ కోడ్‌లు కంపెనీ కంపెనీకి మారతాయి. మాన్యువల్‌లోని ఆ పేజీని ఫొటో తీసి, ప్రింట్ వేయించి మిషన్ పక్కన అంటించండి.

*ఫ్లో ఎర్రర్.* నీళ్లు చాలినన్ని రావట్లేదు. బుట్టలు, ఫిల్టర్, వాల్వులు, నీటిమట్టం ఈ వరుసలో చూడండి. ఇవన్నీ బాగుంటేనే ఫ్లో స్విచ్‌ని అనుమానించాలి.

*మిషన్ కింద నీళ్లు.* గంటకు కొన్ని లీటర్లు కారినా సహజమే, గాలిలోని తేమ చల్లటి కాయిల్ (గాలి నుంచి వేడి లాగే రెక్కల గొట్టాలు) మీద నీరై కారుతుంది. లీకేజీ అని అనుమానంగా ఉంటే ఆ నీటిని క్లోరిన్ టెస్ట్ కిట్‌తో పరీక్షించండి. క్లోరిన్ కనిపిస్తే అవి పూల్ నీళ్లే, మెకానిక్‌ని పిలవండి. కిట్ లేకపోతే హీట్ పంప్ ఆపి మోటార్ మాత్రం నడపండి. గంటలో కారడం ఆగితే అది తేమే.

*కాయిల్ మీద మంచు.* గాలి 10 డిగ్రీల కిందికి పోయిన తెల్లవారుజామున పలుచగా కట్టడం మామూలే, మిషన్ తనే డీఫ్రాస్ట్ చేసుకుంటుంది, అంటే మంచు కరిగించుకుంటుంది. మధ్యాహ్నం ఎండలో కూడా మంచు ఉంటే గాలి అడ్డుపడుతోంది, ఫ్యాన్ ఆగింది, లేదా గ్యాస్ తగ్గింది. మంచును స్క్రూడ్రైవర్‌తో గీకకండి, ట్యూబ్ చిల్లుపడుతుంది.

*ఆర్‌సీసీబీ ట్రిప్ కావడం.* ఒకసారి పడితే మళ్లీ వేయండి. రెండోసారీ పడితే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వేయవద్దు, పూల్‌లోకి ఎవరినీ దించవద్దు. ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్ట్‌గా లైను ఇస్తానని ఎవరన్నా ఒప్పుకోకండి.

*తిరుగుతోంది, వేడి లేదు.* ఇన్‌లెట్, అవుట్‌లెట్ తేడా చూడండి. 2 డిగ్రీలు ఉంటే మిషన్ తన పని చేస్తోంది, వేడి కవర్ లేక బయటికి పోతోంది. కాయిల్ శుభ్రంగా ఉండి, గాలి ఆడుతూ, బైపాస్ సరిగ్గా ఉండీ పూర్తి స్పీడ్‌లో తేడా ఒక డిగ్రీ కూడా రాకపోతే అప్పుడు గ్యాస్ సంగతి మెకానిక్ చూడాలి. కొన్ని మిషన్లలో ఉండే ఆర్32 రకం గ్యాస్ మండే గుణం ఉన్నది. ఆ పని తెలిసినవాళ్లతోనే చేయించండి.

10. నెలవారీ శుభ్రత, సీజన్ చివర

నెలకోసారి ఎంసీబీ ఆపి, కాయిల్ రెక్కల మీది దుమ్మును మెత్తటి బ్రష్‌తో, తోట పైపు నీళ్లతో పై నుంచి కిందికి కడగండి. కారు కడిగే ప్రెషర్ వాషర్ వాడితే పలుచని రెక్కలు వంగిపోయి గాలి దారి మూసుకుపోతుంది. విశాఖలాంటి సముద్ర తీరంలో ఉప్పు గాలి రెక్కల్ని తినేస్తుంది కాబట్టి రెండు వారాలకోసారి మంచినీళ్లతో కడగడం మేలు.

ఎండలు ముదిరాక హీట్ పంప్ ఆపేస్తారు కదా. ఎంసీబీ ఆపండి, బైపాస్ తెరిచి మిగతా రెండు వాల్వులు మూయండి, కింద ఉన్న డ్రెయిన్ మూతి విప్పి లోపలి నీళ్లు వదిలేయండి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పూల్ ఉన్న మనవాళ్లు ఈ పని చలికాలం ముందే చేయాలి, లోపల నీళ్లు గడ్డకడితే ట్యూబ్ పగులుతుంది. మిషన్‌ని ప్లాస్టిక్ పట్టాతో బిగించి చుట్టేయకండి, లోపల తేమ నిలిచి తుప్పు పడుతుంది, ఎలుకలు చేరి వైర్లు కొరుకుతాయి. పైన మాత్రం కప్పి పక్కలు వదిలేయండి. మళ్లీ నవంబర్‌లో మూత తీశాక మొదట వైర్లు చూసి, తర్వాత ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి, డ్రెయిన్ మూతి బిగించి, వాల్వులను గీతల దగ్గరికి తెచ్చి, ఆపై ఐదో భాగంలోని "ఆన్ చేసే వరుస" నుంచి మొదలుపెట్టండి.